రేకుల కప్పు కింద బళ్ల బజారు: వాయి చూసి తినే పద్ధతి

ఫుడ్ కోర్టుకి వెళ్తూ ఏ బండి మంచిదని అడుగుతారు అందరూ. అడగాల్సింది ఏ వాయి మంచిదని. అదే మనిషి, అదే పిండి, అదే బాణలి. ఆరున్నరకి దించిన పునుగులు వేళ్లు కాలేంత వేడిగా, పైన కరకరలాడుతూ ఉంటాయి. ఏడున్నరయ్యేసరికి అవే పునుగులు పళ్లెంలో మెత్తబడి నూనె కక్కుతుంటాయి. రోడ్డు పక్కన ఒంటి బండి దగ్గర నిలబడితే ఏది ఎప్పుడు దిగిందో కళ్లెదుటే ఉంటుంది. ఇరవై బళ్లు ఒకే కప్పు కింద వరసగా ఉన్నచోట జనం, లైట్లు, పొగ మధ్య ఆ సంగతి కంటపడదు. అందుకే అక్కడ కాస్త పద్ధతిగా తిరగాలి.

సాయంత్రం ఆరింటికి కాస్త ముందు చేరుకోండి. పొయ్యిలు వెలిగించి, నూనె కాగి, మొదటి వాయిలు దిగేది ఆ వేళకే. ఏడున్నర దాటిందంటే, అందులోనూ ఆదివారమైతే, కూర్చోడానికి చోటుండదు. రద్దీకి అందివ్వడానికి ముందే సగం వేయించి పెట్టుకున్నవి మళ్లీ నూనెలో ముంచి ఇస్తుంటారు. అల్పపీడనం పట్టిన రోజుల్లో బయట తినేవాళ్లు కూడా లోపలికే వస్తారు. నేలమీద నీళ్లూ నూనే కలిసి జారుతుంది, అరిగిన చెప్పులతో వెళ్లకండి. మే నెలలో రేకుల వేడి చీకటి పడేదాకా తగ్గదు కాబట్టి ఆ నెలలో ఏడు తర్వాత వెళ్లడమే నయం.

జేబులో పది, ఇరవై, యాభై నోట్లు కొన్ని ఉంచుకోండి. ఫోన్‌తో డబ్బు కట్టడం చాలా బళ్ల దగ్గర కుదురుతుంది గానీ రేకుల కింద సిగ్నల్ సరిగ్గా అందదు. డబ్బు వెళ్లిందో లేదో తేలేలోపు చేతిలో బజ్జీ చల్లారిపోతుంది. గేటు దగ్గరే కార్డులో డబ్బు వేయించుకోమనే చోట, మిగిలింది తిరిగిస్తారో లేదో ముందే అడగండి. లీటరు మంచినీళ్ల సీసా ఇంటి నుంచే తెచ్చుకోండి.

మొదటి చుట్టు ఖాళీ చేతులతో

లోపలికి వెళ్లగానే ఏమీ కొనకుండా ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకసారి నడవండి. పది నిమిషాలు చాలు. ప్రతి బండి దగ్గరా మూడు చూడాలి: నూనె, పచ్చడి, కడిగే నీళ్లు.

నూనెలో పోలార్ కాంపౌండ్లు (పదేపదే కాగితే నూనె చెడి పుట్టే పదార్థాలు) 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని ఆహార భద్రత నియమం. బండి దగ్గర నిలబడి దాన్ని కొలవలేం, కళ్లూ ముక్కూ వాడాలి. వాయి తీసేశాక కూడా నూనె పైన నురగ అలాగే నిలిచి ఉందంటే ఆ నూనె చాలాసార్లు కాగింది. మంట మామూలుగా ఉన్నా పొగ వస్తోందంటే అదే గుర్తు. బాణలి అడుగున నల్లని పలుకులు తేలుతుంటే కొత్త వాయికి కూడా ఆ మాడు చేదు అంటుతుంది. జల్లిగరిటెతో ఆ పలుకులు ఎప్పటికప్పుడు తీసేసే మనిషి కనిపిస్తే ఆ బండిని గుర్తుపెట్టుకోండి.

పచ్చళ్లలో మొదట పాడయ్యేది కొబ్బరి పచ్చడి. నీళ్లు పోసి రుబ్బుతారు, మన ఉక్కకి మధ్యాహ్నం రుబ్బింది రాత్రికి పులుస్తుంది. పైన సన్నని బుడగలు కనిపిస్తే వద్దనేయండి. అల్లం పచ్చడిలో చింతపండు, బెల్లం, ఉప్పు ఉంటాయి కాబట్టి అది నిలుస్తుంది. అనుమానం వస్తే అల్లం పచ్చడే వేయమనండి. ఇక ప్లేట్లు: ఒకే బకెట్‌లో ముంచి తీస్తుంటే అక్కడ ఆకులోనో, కాగితం ప్లేటులోనో పెట్టమనండి. వార్తాపత్రిక ముక్కలో మాత్రం తీసుకోకండి, వేడి నూనెకి సిరా ఊడి తిండికి అంటుతుంది. బండికి ఆహార భద్రత రిజిస్ట్రేషన్ ఉంటే 14 అంకెల నంబరు ఎదురుగా కనబడాలి.

కూర్చునే చోటు కూడా ఆ చుట్టులోనే చూసుకోవాలి. బాణళ్ల వరసకి దూరంగా, గాలి వచ్చే తెరిచిన వైపు కూర్చోండి. గ్యాస్ సిలిండర్ల పక్కన వద్దు. పిల్లల్ని నడిచే దారి వైపు కూర్చోబెట్టకండి, వేడి పళ్లేలు పట్టుకుని అటే తిరుగుతారు.

ముందు దిబ్బరొట్టి చెప్పండి

నలుగురు వెళ్తే నలుగురూ తలో ప్లేటు చెప్పడం వల్లే చాలామందికి రెండో బండి దగ్గరే కడుపు నిండిపోతుంది. ఏదైనా ఒక ప్లేటే తీసుకుని నలుగురూ పంచుకోండి. ఒకరు బల్ల దగ్గర ఉంటే మిగతావాళ్లు తేవచ్చు.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది దిబ్బరొట్టి, తినేది మాత్రం తర్వాత. గ్లాసు మినప్పప్పుకి సుమారు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కలిపిన పిండిని మందపాటి మూకుడులో మందంగా పోసి, మూతపెట్టి, సన్నసెగ మీద కాలుస్తారు. ఇరవై నిమిషాలు పైనే పడుతుంది. పాలకొల్లు దిబ్బరొట్టికి పేరొచ్చింది ఆ ఓపిక వల్లే. తొందరపెడితే మంట పెంచుతారు, అడుగు మాడి నడుమ పచ్చిగా ఉండిపోతుంది. "బాబాయ్, నెమ్మదిగా కాల్చండి, అరగంటలో వస్తాం" అని చెప్పి వెళ్లండి. వచ్చాక నడుమ ఈనెపుల్ల గుచ్చమనండి, పిండి అంటకుండా రావాలి. పక్కన బెల్లం పానకం ఉంటే అదీ అడగండి.

ఈలోగా బజ్జీల దగ్గరికి. మిరపకాయ బజ్జీ చాలాచోట్ల రెండుసార్లు వేగుతుంది: మొదట సగం వేయించి తీస్తారు, అడిగినప్పుడు మళ్లీ వేస్తారు. అది తప్పు కాదు, పై పొర గుల్లగా రావడానికి అదే పద్ధతి. ఆ రెండిటి మధ్య ఎంతసేపు గడిచిందనేదే సమస్య. మధ్యాహ్నం వేయించినవి అంచులు నల్లబడి, కాయ ముడుచుకుపోయి కనిపిస్తాయి. "ఈ వాయి ఇప్పుడే వేశారా?" అని అడిగితే "ఆయ్, ఇప్పుడేనండి" అంటారు ఎవరైనా. కాబట్టి పచ్చి కాయ శనగపిండిలో మునిగేది చూసి ఆ వాయికి నిలబడండి. పొట్టలో వాము, చింతపండు పెట్టించుకుంటే కారం విరుగుతుంది. మీద చల్లే ఉల్లిపాయ ముక్కలు గుట్టగా తెరిచి ఉంటే అప్పటికప్పుడు తరగమనండి.

పునుగులకి కాస్త పులిసిన పిండే రుచి. కానీ సోడా ఎక్కువైతే నూనె పీల్చేస్తాయి. ఒకటి విరిచి వేళ్లతో నొక్కండి, నూనె కారిందంటే మిగతావి కొనకండి.

పిడత కింద పప్పు కొనాలంటే మరమరాల మీద నిప్పుల పిడత ఉన్న మనిషిని వెతకండి. ఆ సెగకే మరమరాలు కరకరలాడుతూ ఉంటాయి. ఉల్లి, టమాటా, నిమ్మరసం పడిన నాలుగైదు నిమిషాలకి మెత్తబడిపోతాయి, కాబట్టి కలపగానే నిలబడి తినేయాలి. బల్ల దాకా తీసుకెళ్లే వస్తువు కాదు. నలుగురికి రెండు పొట్లాలు సరిపోతాయి.

పొట్టిక్కలు కనిపిస్తే అడిగి కొనండి. అంబాజీపేట వైపు పనసాకుల బుట్టలో ఉడికే ఈ ఇడ్లీ ప్రధానంగా పొద్దుటి టిఫిను. సాయంత్రం బండి మీద ఉన్నది పొద్దుటిదే అయితే మళ్లీ ఆవిరి పెట్టిచ్చినా ఆకు వాసన ఉండదు. ఆకు విప్పుతుంటే ఆవిరితోపాటు ఆ వాసన రావాలి. లేకపోతే పొద్దున్నే వెళ్లి తినండి. పెసరట్టు పిండి కూడా అంతే, పెసలు రుబ్బిన పిండి మన వేడికి కొన్ని గంటల్లోనే పులుపెక్కుతుంది.

మాంసం, చేప తినేవాళ్లకి

చికెన్ పకోడీ తూకం మీద ఇస్తారు. నలుగురికి పావుకేజీ చాలు. తూకం వేయించాక వేస్తారా, ముందా అని అడగండి, నీరు ఇగిరిపోయి బరువు బాగా తగ్గుతుంది. మెరిసే ఎరుపు కనిపిస్తే అది కారం రంగు కాదు, డబ్బాలోంచి వచ్చిన రంగు. రొయ్యలైతే వేయించక ముందు చూపించమనండి: నీచు మించి ఘాటైన వాసన వస్తే వద్దు, వెన్ను మీద నల్ల నరం తీసి ఉండాలి. భీమవరం చుట్టూ చెరువుల నిండా రొయ్యలు పెరుగుతుంటే పాత రొయ్య తినాల్సిన ఖర్మ మనకి లేదు. పులస వరద గోదావరికి ఎదురీదుతూ వచ్చే చేప, జులై నుంచి సెప్టెంబరు దాకా దాని కాలం. సంక్రాంతికి బోర్డు మీద పులస అని రాసి ఉంటే డబ్బు ఖర్చు చేయకండి.

కార్తీక మాసంలో మాంసం మానేసినవాళ్లు బజ్జీ బండి దగ్గర కూడా ఒక మాట అడగాలి: చికెన్ పకోడీ వేసిన బాణలిలోనే ఇవీ వేస్తున్నారా? మర్యాదగా అడిగితే చాలామంది ఉన్నదే చెబుతారు.

కారం తిన్నాక నీళ్లు తాగితే మంట తగ్గదు, పాలు తాగితే తగ్గుతుంది. అందుకే రాజమండ్రి రోజ్ మిల్క్ చివర్లో తాగండి, ఫ్రిజ్‌లోంచి తీసి పోసేదే. ఐసు ముక్క వేయబోతే వద్దనండి, అది ఏ నీళ్లతో గడ్డకట్టిందో మనకి తెలియదు.

ఇంటికి పట్టుకెళ్లడానికి ఆత్రేయపురం పూతరేకులు, కాజాలు దొరుకుతాయి. పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, ఆ పేరుతో అమ్మేవి కూడా పెరిగాయి. ఒకటి విప్పించి చూడండి: రేకు కాగితంలా పలచగా, నోట్లో పెట్టగానే కరగాలి, నెయ్యి వాసన ముందు తగలాలి. దూరం పంపాలంటే పంచదారవి కొనండి, బెల్లం గాలిలో తేమ పీల్చి రేకుని త్వరగా మెత్తబరుస్తుంది. కాకినాడ గొట్టం కాజా లోపల పాకం ఉంటుంది, నడుమ కొరికితే చొక్కా మీదే పడుతుంది, ఒక చివర నుంచి తినండి. తాపేశ్వరం మడతకాజా పొరల్లో పాకం పీల్చుకుని ఉంటుంది, సంచిలో అడుగున పెడితే నలిగిపోతుంది. రెండిటినీ ఫ్రిజ్‌లో కాకుండా గాలి చొరబడని డబ్బాలో బయటే ఉంచండి.