టెక్సాస్‌లో అద్దె డిపాజిట్ తిరిగి రాకపోతే

డాలస్‌లోనో ఆస్టిన్‌లోనో ఇల్లు ఖాళీ చేశాక ఓనరు 30 రోజుల్లోగా డిపాజిట్ తిరిగివ్వాలి. కోత పెడితే దేనికెంతో పద్దు రాసి పంపాలి. మనవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా ఒక్కచోటే: కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇవ్వరు. అది ఇచ్చేదాకా డబ్బు పంపాల్సిన బాధ్యత ఓనరుకు లేదు. ఆ అడ్రసును సర్టిఫైడ్ మెయిల్‌లో (మన రిజిస్టర్డ్ పోస్టు లాంటిది) పంపి రసీదు దాచుకోండి. వెలిసిన రంగు, నలిగిన కార్పెట్ లాంటి మామూలు అరుగుదలకు కోత చెల్లదు.

దురుద్దేశంతో 600 డాలర్లు ఆపితే దానికి మూడు రెట్లు, పైన 100, వెరసి 1,900 డాలర్లు. సమంజసమైన లాయరు ఫీజు అదనం. గడువు దాటితే దురుద్దేశమనే అనుకుంటారు, కాదని నిరూపించుకోవాల్సింది ఓనరే. 20,000 డాలర్ల లోపు దావాకు జస్టిస్ కోర్టు (చిన్న దావాలు చూసే స్థానిక కోర్టు) చాలు.

‘డిపాజిట్ ఉందిగా’ అని ఆఖరి నెల అద్దె మాత్రం ఎగ్గొట్టకండి. అప్పుడు ఎగ్గొట్టిన అద్దెకు మూడు రెట్లూ, లాయరు ఫీజూ మీ నెత్తినే పడతాయి.