కొత్త పిల్లలు చేరాక బ్యాండ్ వరసలు చెదురుతున్నాయా? ఎక్కడ చూడాలి, ఏం మార్చాలి

జూన్‌లో బడులు తెరిచాక బెంగళూరు స్కూల్ బ్యాండ్‌లలో ఏటా ఇదే పరిస్థితి. పదో తరగతి పిల్లలు వెళ్లిపోయి ఉంటారు. ఆరు, ఏడు తరగతుల నుంచి కొత్తవాళ్లు చేరతారు. ఆగస్టు 15న మానెక్ షా పరేడ్ గ్రౌండ్‌లో నడిచే బ్యాండ్ అయినా, స్కూల్ ఆవరణలో నడిచే బ్యాండ్ అయినా చేతిలో ఉండేది రెండు నెలలే. అందుకని పాత డ్రిల్‌నే (ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎన్ని అడుగులకి ఎటు తిరగాలి అన్న ఏర్పాటు) ఉంచి అందులో కొత్తవాళ్లని సర్దుతాం. సర్దాక ఏదో ఒకచోట చెదురుతుంది. చెదిరిన చోటే తప్పు ఉందనుకుని పిల్లల్ని ఎండలో అక్కడే పదేపదే తిప్పుతారు. దయచేసి ఆ పని మానేసి, ముందు కింద చెప్పినవి చూడండి.

ఇద్దరు ఒకే చోటికి వస్తున్నారు, ఇంకోచోట ఖాళీ మిగులుతోంది

పిల్లల చేతుల్లో ఉన్న చార్టులు, అంటే ఎవరి చోటు ఎక్కడో గీసిన కాగితాలు చూడండి. పది నిమిషాల పని, కానీ ఎవరూ చెయ్యరు. వాట్సాప్ గ్రూపులో జూన్‌లో పెట్టిన చార్టు ఒకటి, మార్పులు చేసి జులైలో పెట్టింది ఇంకొకటి ఉంటాయి. సగం మంది మొదటిదే ప్రింట్ తీసుకుని దాచుకుంటారు. ప్రతి చార్టు పైన తేదీ పెద్దగా రాయండి. ప్రాక్టీస్‌కి ముందు అందరినీ చార్టు పైకెత్తి చూపించమనండి. పాత తేదీ కనిపిస్తే అక్కడికక్కడే చింపించండి.

నంబర్లు మార్చడం కూడా ఇదే గందరగోళం తెస్తుంది. సైడ్ డ్రమ్ 4 వెళ్లిపోతే కొత్త పిల్లకి ఆ 4 ఇవ్వండి. అదనంగా వచ్చినవాళ్లకి 7, 8 ఇవ్వండి, వాళ్లు వరస మధ్యలో నిలబడినా సరే. వరసక్రమం అందంగా ఉండాలని మొదటి నుంచి మళ్లీ నంబర్లు వేస్తే, నిన్నటిదాకా తప్పు చెయ్యని పాత పిల్లలు కూడా తడబడతారు.

నిలబడితే బాగుంది, నడక మొదలవగానే బ్యాండ్ ఒక పక్కకి జరుగుతోంది

ర్యాంకుకి, అంటే పక్కపక్కన నడిచే ఒక అడ్డ వరసకి, ఐదుగురు ఉన్నది ఆరుగురయ్యారు. ఇప్పుడు వరస మధ్యలో మనిషి లేడు, ఖాళీ ఉంది. ఇదివరకు మధ్యలో ఉన్న పిల్లాడు మాత్రం అలవాటు కొద్దీ, బ్యాండ్‌ని ముందుండి నడిపించే డ్రమ్ మేజర్ వీపు వెనకే నడుస్తాడు, మిగతా అందరూ అతన్ని చూసి జరుగుతారు. వీలైతే బేసి సంఖ్యే ఉంచండి. కుదరకపోతే డ్రమ్ మేజర్ ఆ ఖాళీకి ఎదురుగా నడవాలి, డ్రెస్సింగ్ (వరస తిన్నగా సర్దుకోవడం) ఎవరిని చూసి చెయ్యాలో పేరు పెట్టి చెప్పాలి.

వీల్ అయ్యాక వరస కొడవలిలా వంగుతోంది

అందరినీ తప్పుదారి పట్టించేది ఇదే, నన్ను ఎక్కువ ఏడిపించిందీ ఇదే. తిన్నగా నడిచినంతసేపూ ర్యాంకులు బాగుంటాయి. లెఫ్ట్ వీల్ తిరుగుతారు, అంటే ఎడమ చివరివాడు ఉన్నచోటే తిరుగుతుంటే ర్యాంకంతా తలుపులా అతని చుట్టూ ఎడమకి తిరుగుతుంది. తిరిగేటప్పుడు కూడా పెద్దగా తేడా కనిపించదు. మళ్లీ తిన్నగా నడక మొదలై ఆరేడు అడుగులు పడ్డాక కుడి చివర వెనక్కి జారిపోయి, వరస వంగుతుంది. అక్కడున్నది కొత్త పిల్లాడు కాబట్టి పీటీ సార్ వచ్చి, "వీడికి స్టెప్పు రావట్లేదు మాస్టారూ, మార్చేద్దాం" అంటారు. మార్చి ఇంకొకణ్ణి పెట్టినా అదే వంపు.

ఈసారి బ్యాండ్ మొత్తాన్ని వదిలేసి ఆ చివరి పిల్లాడి కాళ్లు మాత్రమే చూడండి. వీల్‌లో సగం దాటాక మడమ నేలకి ఆనదు, మునివేళ్ల మీదే పడుతుంటాడు. చేతుల్లో సింబల్స్ ఛాతీ ఎత్తు నుంచి నడుము దగ్గరికి దిగిపోతాయి. వాడు నడవట్లేదు, సగం పరిగెడుతున్నాడు. వీల్ పూర్తయ్యేసరికి ఎలాగో చేరుకుంటాడు గానీ ఊపిరి అందక తర్వాతి అడుగులు చిన్నవైపోతాయి. వంపు కనిపించేది అక్కడ. తప్పు జరిగింది వీల్‌లో.

లెక్క చూడండి. పాత డ్రిల్‌లో ర్యాంకుకి ఐదుగురు, ఇద్దరి మధ్య మీటరున్నర అనుకుందాం. పివట్ (ఉన్నచోటే తిరిగే పిల్లాడు) నుంచి చివరి పిల్లాడి దాకా 6 మీటర్లు. 90 డిగ్రీలు తిరగడానికి అతను నడిచే వంపు సుమారు 9.4 మీటర్లు. 16 కౌంట్లలో (కౌంటుకి ఒక అడుగు) తిరిగితే అడుగుకి 59 సెంటీమీటర్లు, హాయిగా నడుస్తాడు. ఇద్దరిని కలిపి ఏడుగురిని చేశారు. పివట్ నుంచి దూరం 9 మీటర్లయింది, వంపు 14.1 మీటర్లయింది. కౌంట్లు మాత్రం అవే 16. అంటే అడుగుకి 88 సెంటీమీటర్లు. పరేడ్‌లో పెద్దవాళ్లు వేసే 30 అంగుళాల అడుగే 76 సెంటీమీటర్లు. నిమిషానికి 120 అడుగుల వేగంలో ఆరో తరగతి పిల్లాణ్ణి 88 వెయ్యమంటే ఎక్కడి నుంచి తెస్తాడు?

చార్టులో ఇది దొరకదు. కంప్యూటర్‌లో గీసినా, గళ్ల కాగితం మీద గీసినా మనం చూసేది మొదలైన చుక్కని, ఆగిన చుక్కని. ఆ రెంటి మధ్య వంపుని ఎవరూ కొలవరు. పైగా మన స్కూళ్లలో ప్రాక్టీస్ చాలావరకు బాస్కెట్‌బాల్ కోర్టులోనే జరుగుతుంది. 15 మీటర్ల వెడల్పులో 9 మీటర్ల ర్యాంకుని తిప్పుతుంటే గోడో, స్తంభమో తగులుతుందని చివరివాళ్లు తెలియకుండానే లోపలికి కోసేస్తారు. దాంతో తప్పు దాగిపోతుంది. పెద్ద గ్రౌండ్‌కి తీసుకెళ్లిన రోజున గానీ బయటపడదు, అప్పటికి సరిదిద్దుకునే టైమ్ ఉండదు.

నిర్ధారించుకోవడానికి ఒక తాడు చాలు. ఇంటర్వెల్ (పక్కపక్కనున్న ఇద్దరి మధ్య దూరం) ఎంతో అంత దూరానికో ముడి వేసి, వాయిద్యాలు పక్కన పెట్టించి, ఒక ర్యాంకు చేతికి ఇవ్వండి. కౌంట్ పైకి చెప్తూ వీల్ తిప్పి, ఆఖరి కౌంట్ మీద ఆపండి. తాడు తిన్నగా ఉండి, చివరి పిల్లాడు పరిగెత్తకుండా చేరితే సమస్య ఇది కాదు. తాడు వెనక్కి వంగినా, చివరి పిల్లాడు పరిగెత్తాల్సి వచ్చినా ఇదే.

సరిచెయ్యడానికి నేను మొదట చూసేది ర్యాంకుని వెడల్పు చెయ్యకుండా వెనక ఇంకో ర్యాంకు పెంచడం. పాత వీల్ పాతలాగే ఉంటుంది, పిల్లలు కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ.

కొత్త ర్యాంకుకి సరిపడా మంది లేకపోతే ఇంటర్వెల్ తగ్గించండి. ఏడుగురిని మీటరు చొప్పున నిలబెడితే మళ్లీ 6 మీటర్లే. బ్యూగిల్, ఫ్లూట్ వరసలకి ఇది బాగానే కుదురుతుంది. సింబల్స్, సైడ్ డ్రమ్స్, బేస్ డ్రమ్ వరసలని మాత్రం ముట్టుకోకండి, చేతులు ఆడవు. వాళ్లు ఐదుగురే మీటరున్నర దూరంలో ఉంటారు. ముందు ఏడుగురు, వెనక ఐదుగురు అయినా రెండు అంచులూ కలుస్తాయి. లోపలి ఫైల్స్ (ముందు నుంచి వెనక్కి ఉండే వరసలు) కలవవు గానీ, డయాస్ మీద నుంచి చూసేవాళ్ల కళ్లు ముందు పడేది అంచుల మీదే.

రెండూ కుదరకపోతే వీల్‌ని 24 కౌంట్లకి పెంచండి. అడుగు మళ్లీ 59 సెంటీమీటర్లకి వస్తుంది. కానీ ఇది మిగతావాటిని కదిలిస్తుంది, జాగ్రత్త. 2/4 మార్చ్‌లో బార్‌కి రెండు బీట్లు, కాబట్టి 16 బార్లకి 32 అడుగులు పడతాయి. ఇదివరకు వీల్‌కి 16, తిన్నటి నడకకి 16 ఉండేవి. ఇప్పుడు నడకకి 8 మిగిలాయి. 22.5 అంగుళాల అడుగు వేసే బ్యాండ్ అయితే సుమారు నాలుగున్నర మీటర్లు వెనకే ఆగిపోతుంది. కాబట్టి వీల్ తర్వాత నడిచే దిశలో మొదలుపెట్టే చోటుని అంత ముందుకి జరపాలి. సెల్యూట్ ఏ కౌంట్ మీద పడుతోందో, అప్పుడు డయాస్ ఎక్కడుందో మళ్లీ కొలవాలి.

ఏది ఎంచుకున్నా, కొత్తవాళ్లని పివట్‌లోనూ బయటి చివరనా పెట్టకండి. ఇద్దరు పాతవాళ్ల మధ్య పెట్టండి. బయటి చివరకి కాళ్లు పొడుగున్న పాత పిల్లలు కావాలి. "మావాడు అంచులో ఉంటే ఫొటోలో కనిపిస్తాడు సార్" అని తల్లిదండ్రులు అడుగుతారు. "వచ్చే ఏడాది తప్పకుండా పెడదామమ్మా, ఈ ఏడాది వాడికి అడుగు కుదరనివ్వండి" అని నెమ్మదిగా చెప్పండి, వింటారు.

ర్యాంకులు పెంచాక వెనకవాళ్ల వాయింపు ఆలస్యంగా వినిపిస్తోంది

శబ్దం సెకనుకి 340 మీటర్లే నడుస్తుంది. బ్యాండ్ పొడవు 18 మీటర్లయితే ముందునుంచి వెనక్కి చేరేసరికి సెకనులో ఇరవయ్యో వంతు పోతుంది. 120 టెంపోలో అది బీట్‌లో పదో వంతు, చెవికి తెలుస్తుంది. వెనకవాళ్లు ముందు వాయించేది విని కలపబోతే ఆలస్యమే అవుతుంది. వాళ్ల చూపు డ్రమ్ మేజర్ చేతిలోని మేస్ (పొడవాటి కర్ర) మీద ఉండాలి. డ్రమ్స్‌ని వెనక భాగంలోకి మారిస్తే ఇంకా మంచిది, ముందువాళ్లు వెనక నుంచి వచ్చే శబ్దాన్ని విని వాయిస్తారు.

గ్రౌండ్ వాలు, కొత్త బూట్లు, వాన తర్వాత బురద, ఎదురుగాలి అని కూడా చెప్తుంటారు. ఇవి కారణమైతే ఆ ఒక్కరోజే చెదురుతుంది. రోజూ అదే కౌంట్ దగ్గర చెదురుతుంటే వాటిని వదిలేసి తాడు తియ్యండి.

జులై ఆఖరు తర్వాత చేరినవాళ్ల కోసం చార్టు మార్చకండి. వాళ్లకి ఈ ఆగస్టుకి బ్యానర్ ఇవ్వండి, ప్రాక్టీస్‌లో పక్కన నిలబెట్టి కౌంట్ చెప్పించండి. సెప్టెంబర్ చార్టులో నంబరు ఇవ్వొచ్చు.