పెద్దవాళ్ల నడక మారిందా? మతిమరుపు వచ్చేదాకా ఆగకండి

చెప్పులు నేలకు రాసుకుంటున్న చప్పుడు, గడప దాటేముందు ఒక్క క్షణం తటపటాయింపు. "వయసు కదా" అని వదిలేస్తాం. వదలొద్దు. కొందరిలో డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా దెబ్బతినే జబ్బు, మతిమరుపు కంటే ముందు నడకలోనే బయటపడుతుంది. అందులో కొన్ని కారణాలకు వైద్యం ఉంది.

సమస్య: నడక మందగించింది, పలకరిస్తే ఆగి జవాబిస్తున్నారు
నడుస్తూ మాట్లాడడం మెదడుకు భారమవుతోందన్నమాట. నాలుగు మీటర్లు కొలిచి మామూలుగా నడవమనండి. ఐదు సెకన్లు దాటితే మందగించినట్టే. మోకాళ్ల నొప్పి వల్ల కూడా కావచ్చు. కానీ "పేర్లు గుర్తురావట్లేదు" అని వాళ్లే అంటుంటే న్యూరాలజిస్టుకు చూపించండి. బీపీ, షుగర్, చూపు, వినికిడి పరీక్ష చేయించండి.

సమస్య: అడుగులు చిన్నవయ్యాయి, చేతులు ఊగట్లేదు, ముఖంలో కదలిక తగ్గింది
పార్కిన్సన్స్ అనుకునే ముందు మాత్రల డబ్బా తీయండి. గ్యాస్ మాత్రల అట్ట తిప్పి చూడండి, పాంటోప్రజోల్ పక్కన లెవోసల్పిరైడ్ అని ఉందా? ఆ మందు వల్లే నడక ఇలా మారి ఉండొచ్చు. తల తిరుగుడుకు వాడే సిన్నరిజిన్ కూడా ఇలా చేయగలదు. ఒకసారి రాసిన చీటీతోనే ఏళ్ల తరబడి ఇవి మింగేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అట్టలన్నీ తీసుకెళ్లి డాక్టరు ముందు పెట్టండి, మీ అంతట మీరు ఆపకండి. మందు మాన్పించాక చాలామందికి వారాల్లోనో నెలల్లోనో నడక తేరుకుంటుంది. తేరుకోక, లేని మనుషులు కనిపిస్తున్నారంటే డిమెన్షియాలో ఒక రకమైన ల్యూయీ బాడీ డిమెన్షియా కావచ్చు. ఆ జబ్బులో భ్రమలు, ఆందోళన తగ్గడానికి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు ప్రమాదం, ఆ అనుమానం ఉందని ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందే చెప్పండి.

సమస్య: పాదాలు నేలకు అతుక్కున్నట్టున్నాయి, మూత్రం ఆపుకోలేకపోతున్నారు, చురుకుదనం తగ్గింది
ఈ మూడూ కలిస్తే మెదడు లోపలి గదుల్లో నీరు పేరుకుందేమో చూడాలి. దీన్ని నార్మల్ ప్రెషర్ హైడ్రోకెఫలస్ అంటారు, 1965లో సాలమన్ హకీమ్, రేమండ్ ఆడమ్స్ అనే వైద్యులు వివరించారు. స్కాన్ తీసి, నడుము దగ్గర సూదితో 30 నుంచి 50 మిల్లీలీటర్ల నీరు తీసి, మళ్లీ నడిపించి చూస్తారు. నడక మెరుగైతే, ఆ నీటిని సన్నని గొట్టంతో మళ్లించే షంట్ ఆపరేషన్ మేలు చేసే అవకాశముంది. ఆలస్యం చేస్తే ఆ ఫలితం తగ్గుతుంది.

సమస్య: చీకట్లో, ముఖం కడుక్కుంటూ కళ్లు మూసినప్పుడు తూలుతున్నారు
బి12 విటమిన్ తగ్గి నరాలు దెబ్బతింటే ఇలా కావచ్చు. శాకాహారులు, ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్లు ముందు బి12 రక్తపరీక్ష చేయించుకోవాలి. లోపముంటే ఇంజెక్షన్లు, మాత్రలు.

సమస్య: పడి తలకు తగిలిన కొన్నాళ్లకు తడబాటు, మగత
మెదడు పైపొరల మధ్య రక్తం చేరి ఉండొచ్చు. అదే రోజు సీటీ స్కాన్ తీయించండి. ఉన్నట్టుండి ఒకవైపు కాలూ చేయీ పడిపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి.