తోట ట్రాక్టర్‌కు కొత్త బ్యాటరీ ఎలా ఎంచుకోవాలి?

మామిడి కోతలయ్యాక షెడ్డులో పెట్టిన మినీ ట్రాక్టర్‌ను నెలల తర్వాత తీస్తే సెల్ఫ్ టక్ టక్ అని ఆగిపోవడం చిత్తూరు, తిరుపతి తోటల్లో మామూలే. అంతమాత్రాన కొత్త బ్యాటరీ కొనేయకండి.

1. ముందు పాతదాన్ని పరీక్షించండి. టెర్మినళ్లపై పట్టిన తెల్లటి పొడిని వేడినీళ్లతో కడిగి, క్లాంపులు బిగించి, పూర్తిగా చార్జ్ చేయించండి. ఐదారు గంటలు ఆగి మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటర్) పెడితే 12.6 వోల్టులు చూపాలి. 10.5 దగ్గరే ఆగితే ఒక సెల్ పోయినట్టే. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే దిగినా మార్చాల్సిందే.

2. పాత బ్యాటరీ లేబుల్ ఫోటో తీసుకోండి. మినీ ట్రాక్టర్లకు ఎక్కువగా 12 వోల్టులు, 50 నుంచి 75 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ సామర్థ్యం) ఉంటాయి. కంపెనీ చెప్పినదానికంటే ఏహెచ్ తగ్గించొద్దు. ఇన్వర్టర్ బ్యాటరీ చవకగా దొరికినా వద్దు. అది నెమ్మదిగా, ఎక్కువసేపు కరెంటు ఇవ్వడానికి చేసింది. డీజిల్ ఇంజిన్‌ను తిప్పడానికి కావలసిన ఒక్క ఊపు దానికి రాదు.

3. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. టెర్మినళ్లు మీ వైపు ఉండేలా బ్యాటరీని తిప్పి, ప్లస్ కుడివైపుందో ఎడమవైపుందో రాసుకోండి. అది మారితే కేబుల్ అందదు. అందించాలని తారుమారుగా తగిలిస్తే ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీని చార్జ్ చేసేది) డయోడ్లు కాలిపోతాయి. ట్రే పొడవు, వెడల్పు, బానెట్ కింద ఎత్తు కూడా టేపుతో కొలవండి. ఎత్తు ఎక్కువైతే టెర్మినల్ బానెట్‌కు తగిలి షార్ట్ అవుతుంది.

4. అమరాన్ బ్యాటరీలు తిరుపతి పక్కన కరకంబాడిలోనూ తయారవుతాయి. మన ఊరిదైనా, బయటిదైనా కొలతలు కుదరాలి, తయారీ తేదీ మూడు నెలల లోపుండాలి. కొట్లోనే వోల్టేజీ చూపించమనండి, 12.4 కంటే తక్కువుంటే వేరేది అడగండి. పాతది ఇస్తే ధర తగ్గుతుంది. వారంటీ కార్డుపై సీలు, తేదీ వేయించుకోండి.

5. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు ముందు ప్లస్. లేకపోతే స్పానర్ బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. బ్యాటరీ పట్టీ గట్టిగా బిగించండి, లేదంటే గట్ల మీద కుదుపులకు లోపలి ప్లేట్లు దెబ్బతింటాయి.

6. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టులు రావాలి. 13 కూడా దాటకపోతే బెల్టు, ఆల్టర్నేటర్ చూపించండి. లేదంటే కొత్త బ్యాటరీ కూడా అలాగే పోతుంది.

నీళ్లు పోసే రకమైతే ఎండాకాలంలో నెలకోసారి మూత తీసి చూసి, డిస్టిల్డ్ వాటరే పోయండి. బోరు నీళ్లలోని ఉప్పులు ప్లేట్లను తినేస్తాయి. ట్రాక్టర్ నెలకు మించి ఆపేస్తే మైనస్ కేబుల్ తీసి పెట్టండి.