యాభై మంది ముందు చిన్న క్యాబరే మ్యూజికల్ వేయడం ఎలా?

క్యాబరే అనగానే మనవాళ్లకు పాత సినిమాల్లో విలన్ డెన్, ఈకల టోపీ, తళుకుల గౌను గుర్తొస్తాయి. మా తెనాలి నాటక మిత్రుల దగ్గర ఆ మాట ఎత్తితే మా హార్మోనిస్టు బాబాయ్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఈ వయసులో నాకెందుకు నాన్నా ఇవన్నీ?" అన్నారు. అసలు సంగతి వేరు. 1881లో ప్యారిస్‌లో 'షా న్వార్' అనే చిన్న బారు తెరిచారు. కవులూ పాటగాళ్లూ అక్కడ జనం మధ్యనే పాడేవారు. ఆధునిక క్యాబరే పుట్టింది అక్కడే అంటారు. ఒక పాట, కాస్త వెటకారం, ఊరి సంగతులు, మళ్లీ పాట. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ నిలబడి ఒక వంత హాస్యం, ఇంకో వంత రాజకీయం చెప్పడం కూడా ఇలాంటిదే కదా! ఆ ముక్క చెప్పాకే బాబాయ్ పెట్టె తెరిచారు. ఎలాగూ మా ఊరిని ఆంధ్రా ప్యారిస్ అంటారు కూడాను.

ముందు మనుషుల్ని లెక్కపెట్టుకోండి

స్క్రిప్టు రాసి నటుల కోసం వెతకడం పెద్ద ఊళ్ల పద్ధతి. మన దగ్గర ఉన్నవాళ్లే ఉంటారు కాబట్టి వాళ్లకు సరిపోయేది రాసుకోవాలి. మాకు ఒక హార్మోనియం, ఒక తబలా, పద్యం ఎత్తుకుంటే వదలని రిటైర్డ్ టీచరుగారు, లలిత గీతాలు పాడే ఫ్యాన్సీ షాపు అమ్మాయి, శ్రుతి లేకపోయినా బోలెడంత నోరున్న మెడికల్ రెప్ దొరికారు. ఆ నోరున్నవాడినే సూత్రధారుణ్ని చేశాం.

వేషం దక్కనివాళ్ల సంగతి అదే రోజు తేల్చండి. అందరూ ఒకే టీ కొట్టు దగ్గర కలిసే చోట ఒక్క అలక చాలు, రిహార్సల్స్ ఆగిపోతాయి. "నిన్ను తీసుకోలేదు" అన్న మాట మీ నోటి నుంచే, వాళ్లింటికి వెళ్లి చెప్పండి. చేతిలో నిజమైన పని పెట్టండి: లైట్లు, ప్రాంప్టింగ్, టికెట్లు.

కథ సన్నగా, పాటలు ఆరేడు

గంటకు మించొద్దు. పాడటానికి ఒక సాకు దొరికితే కథ ఉన్నట్టే. మాది ఇలా: పరిషత్తు పోటీకి వెళ్లాల్సిన నాటక సమాజం, వ్యాను రాక రాత్రంతా మేకప్ గదిలో ఇరుక్కుపోతుంది. కిరీటం, నీలం రంగు మొహం, కింద లుంగీతో కృష్ణుడు కరెంటు బిల్లు గురించి పాడతాడు. డ్రెస్సుల ఖర్చు సగం మిగిలింది.

పాటలు సొంతంగా రాయించుకుంటే తలనొప్పి లేదు. పాతవి కావాలంటే, రచయిత పోయాక 60 ఏళ్లు దాటినవి చూసుకోండి. గురజాడ 1915లో పోయారు. తిరుపతి వెంకట కవుల్లో చెళ్లపిళ్లవారు 1950లో పోయారు. వాళ్ల రచనలు ఇప్పుడు అందరివీ. ఔత్సాహిక సంఘం డబ్బు తీసుకోకుండా వేసే ప్రదర్శనకు కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. టికెట్ పెట్టి సినిమా పాట పాడితే మాత్రం హక్కుదారుల అనుమతి కావాలి. వీడియో యూట్యూబ్‌లో పెట్టడం మళ్లీ వేరే లెక్క.

శ్రుతి మొదటి రోజే తేల్చుకోండి. హార్మోనియం మెట్ల లెక్కలో టీచరుగారిది ఒకటిన్నర, అమ్మాయిది అయిదున్నర. యుగళగీతం అని పట్టుబట్టి వారం పాడుచేసుకున్నాం. చివరికి ఆమె పాడుతుంటే ఆయన మాటల్లో జవాబులిచ్చారు. అన్నిటికన్నా ఎక్కువ చప్పట్లు దానికే!

బల్లలు వేసి రిహార్సల్ చేయండి

షాపులు కట్టేశాక, రాత్రి ఎనిమిదిన్నరకు మొదలుపెట్టి పన్నెండు రిహార్సల్స్ చేశాం. చివరి నాలుగు బల్లలు, కుర్చీలు వేసి, మనుషుల్ని కూర్చోబెట్టి చేశాం. పరిషత్తు స్టేజీ మీద ఎదురుగా చీకటి. ఇక్కడ జనం బల్లల చుట్టూ కూర్చుంటారు, చెయ్యి చాపితే అందే దూరంలో మేనత్త, అప్పిచ్చినాయన. వాళ్ల కళ్లలోకి చూసి పాడాలి. అందుకే ఒక చరణం మొత్తం ఒకే మనిషిని చూస్తూ పాడించండి. టీచరుగారు వాళ్లావిడ మొహం చూడగానే మూడో లైన్లో నవ్వేసేవారు. ఆ నవ్వు పోవడానికి నాలుగు రోజులు పట్టింది.

ఊళ్లోవాళ్ల మీద జోకులు లేకపోతే ఇది క్యాబరే కాదు. అయితే మొదటి జోకు సూత్రధారుడు తన మీదే వేసుకోవాలి. మిగతావి ఎవరి మీదో వాళ్లకు ముందే వినిపించండి. కులం, ఇంటి గొడవలు వద్దు.

హాలు, ఫ్యాన్లు, బజ్జీలు

కల్యాణ మండపం డైనింగ్ హాలు చాలు. యాభై మందికి మైకు అక్కర్లేదు కానీ ఫ్యాన్ల రొద గొంతు మింగేస్తుంది. ఆపితే ఉక్క. మేం డిసెంబరులో పెట్టుకుని, రెగ్యులేటరు రెండు మీద ఉంచాం. ట్యూబ్‌లైట్లన్నీ ఆపి, పెళ్లిళ్ల లైటింగ్ అతని దగ్గర స్టేజీకి వాడే ఎల్‌ఈడీ పార్ లైట్లు రెండు తెచ్చి చెరో మూల నుంచి ఏటవాలుగా వేశాం. బల్లకో చిన్న దీపం.

తినేవి మొదటి పాటకు ముందే పెట్టేయండి. మా తొలి ప్రదర్శనలో విషాద గీతం మధ్యలో వేడివేడి మిరపకాయ బజ్జీలు వచ్చాయి. అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని పాడుతుంటే వెనక బల్ల నుంచి "ఉల్లిపాయలు లేవా?" అని వినిపించింది. స్టీలు గ్లాసులు కూడా వద్దు, పేపర్ కప్పులు పెట్టండి.

మన జనం 'వన్స్ మోర్' అంటారు, అనకపోతేనే దిగులు. ఏ పాట మళ్లీ పాడాలో ముందే అనుకోండి. అదీ చివరి చరణం ఒక్కటే. లేకపోతే టీచరుగారు ఆగరు.

హాలు తాళాలు అప్పగించే టైమ్ అడిగి పెట్టుకోండి. బల్లలు ఎవరు మోస్తారో పేర్లు రాసి గోడకు అంటించండి. వేషం వేసినవాళ్ల పేర్లు అందులో రాసి లాభం లేదు, వాళ్లు ఫొటోలు దిగుతుంటారు. హార్మోనిస్టు కవరు, తబలా ఆయన కవరు మాత్రం వాళ్లు పెట్టె మూయకముందే చేతిలో పెట్టేయండి.