విదేశాంగ విధానం, నిఘా సంస్థలపై పార్లమెంటు పర్యవేక్షణను తెలుసుకోవడం ఎలా

విదేశాంగ విధానాన్ని పార్లమెంటు ఎంతవరకు నిలదీస్తోందో తెలుసుకోవాలంటే, ముందుగా విదేశీ వ్యవహారాల స్థాయీ సంఘం నివేదికలను తెరవండి. లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది ఉండే ఈ సంఘం విదేశాంగ శాఖ గ్రాంట్ల పద్దులను, అంటే ఆ శాఖ ఖర్చుకు కోరే నిధుల లెక్కలను, పరిశీలిస్తుంది. అసలు నివేదికకన్నా, దానిపై తీసుకున్న చర్యల నివేదికే నాకు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. ప్రభుత్వం ఏ సిఫారసును ఒప్పుకుందో, దేన్ని తోసిపుచ్చిందో అందులోనే బయటపడుతుంది.

1968లో ఏర్పడిన విదేశీ నిఘా సంస్థ ‘రా’ (రీసెర్చ్ అండ్ అనాలిసిస్ వింగ్) కోసం మాత్రం అక్కడ వెదకకండి. అది క్యాబినెట్ సచివాలయం కింద ఉంటుంది. దాని పనిని తనిఖీ చేసే ప్రత్యేక పార్లమెంటరీ సంఘమేదీ లేదు. (అమెరికా సెనేట్ 1976లోనే అలాంటి సంఘాన్ని ఏర్పరచుకుంది.) 2011లో కాంగ్రెస్ ఎంపీ మనీశ్ తివారీ ఈ లోటు తీర్చడానికి ప్రైవేటు సభ్యుని బిల్లు (మంత్రి కాని సభ్యుడు పెట్టే బిల్లు) పెట్టినా అది చట్టం కాలేదు.

ఇక మీ చేతిలో మిగిలేది 2005 నాటి సమాచార హక్కు చట్టం. దాని 24వ సెక్షన్ రాకు, దేశీయ నిఘా సంస్థ ఐబీ (ఇంటెలిజెన్స్ బ్యూరో)కి ఆ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చినా, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారాన్ని ఆ మినహాయింపు నుంచి తప్పించింది. కాబట్టి దరఖాస్తులో ‘మీ సంస్థ ఏం చేస్తోంది?’ అని రాయకుండా, ‘ఫలానా తేదీన అందిన అవినీతి ఫిర్యాదుపై తీసుకున్న చర్యల పత్రాల నకళ్లు ఇవ్వగలరు’ అని సూటిగా అడగండి. మానవ హక్కుల విషయమైతే కేంద్ర సమాచార కమిషన్ ఆమోదం తప్పనిసరి, సమాచారం ఇవ్వడానికి గడువు 45 రోజులు.