పాఠం 4: ఏడ్చానని ఒప్పుకోని కథకుడు

గత పాఠంలో "నేను" అంటూ కథ చెప్పే మనిషికి ఒక వృత్తి ఇచ్చి, ఆ వృత్తి మాటల్లోనే మాట్లాడించాం. ఈసారి ఆ పని చాటున అతను దాచుకున్నది పాఠకుడికి అందించాలి. దీనికి నమూనా బ్రిటిష్ నవలాకారుడు కజువో ఇషిగురో.

1954లో నాగసాకిలో పుట్టి, అయిదేళ్లప్పుడు ఇంగ్లండు చేరిన ఇషిగురో, 1980లో ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయంలో సృజనాత్మక రచనలో ఎం.ఏ. పూర్తిచేశారు. 1982, 1986, 1989లలో వచ్చిన మొదటి మూడు నవలలదీ దాదాపు ఒకే అచ్చు: గతాన్ని నెమరేసుకుంటూ, తెలియకుండానే తన గుట్టు తానే బయటపెట్టుకునే మనిషి. మూడోది 'ద రిమైన్స్ ఆఫ్ ద డే'. దానికే బుకర్ బహుమతి వచ్చింది. 2017లో నోబెల్.

'ద రిమైన్స్ ఆఫ్ ద డే' చిత్తుప్రతిని 1987 వేసవిలో నాలుగు వారాల్లో లాగించారు: సోమవారం నుంచి శనివారం దాకా, ఉదయం 9 నుంచి రాత్రి 10:30 వరకు, భోజనానికి గంట, రాత్రి తిండికి రెండు గంటలు. ఇది విని నెల సెలవు పెట్టేసేవాళ్లున్నారు. కానీ బ్రిటిష్ సేవకుల జీవితాల మీద, రెండు యుద్ధాల మధ్య రాజకీయాల మీద చదవాల్సినదంతా ఆయన ముందే చదివి పెట్టుకున్నారు. సరుకు లేకుండా కూర్చుంటే మూడో రోజుకే కలం ఆగుతుంది.

ఇక అసలు సంగతి, ఆ నవలలోంచే. 1923. డార్లింగ్టన్ హాల్ అనే ఇంగ్లిష్ ప్రభువు భవంతిలో పెద్దల సమావేశం. కథకుడు స్టీవెన్స్ అక్కడ బట్లర్, అంటే సేవకుల పెద్ద. పైగదిలో తండ్రి పోయాడు. స్టీవెన్స్ కింద అతిథులకు పోర్ట్ వైన్ పోస్తూనే ఉంటాడు. ఏడ్చానని ఎక్కడా అనడు. నువ్వు ఏడుస్తున్నట్టున్నావే అని యజమాని అడుగుతాడు. స్టీవెన్స్ రుమాలుతో మొహం తుడుచుకుని, రోజంతా పని ఒత్తిడండీ అంటాడు. కన్నీళ్లు మనకు తెలిసేది పక్కవాడి మాటలోనే.

రెండో ఎత్తు ఇంకా సూక్ష్మం. అదే భవంతిలో హౌస్‌కీపర్‌గా పనిచేసే మిస్ కెంటన్ గది బయట, ఆమె లోపల ఏడుస్తోందనుకుంటూ నిలబడ్డ జ్ఞాపకాన్ని స్టీవెన్స్ మొదట ఆమె పిన్నమ్మ పోయిన రోజుకు అంటగడతాడు. చాలా పేజీల తర్వాత, కాదు, ఆమె వేరొకరితో పెళ్లికి ఒప్పుకున్న రాత్రి అని సవరించుకుంటాడు. మరపు ఎందుకొచ్చిందో ఆ సవరణే చెప్పేస్తుంది.

ఇప్పుడు మీ వంతు. దాచాల్సిన సంఘటనను ముందు ఉన్నదున్నట్టు 100 మాటల్లో రాయండి. ఇది కథలోకి రాదు, మీ దగ్గరే ఉంటుంది. తర్వాత అదే పూటను 300 మాటల్లో కథకుడి చేత చెప్పించండి. బాధ, దుఃఖం, కన్నీరు అన్న మాటలు నిషిద్ధం. ఉదాహరణకి, తమ్ముడు పోయాడన్న కబురు అందాక కూడా పెళ్లివంట ఆపని మేస్త్రీ:

"పులిహోరకి అన్నం పళ్లేల్లో పరిచి ఆరనివ్వాలి. వేడి మీద కలిపితే ముద్దవుతుంది. చింతపండు పులుసు కలుపుతుంటే కుర్రాడు, 'బాబాయ్, పొయ్యి ఆరిపోయి చాలాసేపయింది, కళ్లు ఇంకా మండుతున్నాయా?' అన్నాడు. పసుపు ఘాటురా అన్నాను."

మన భాషలో అదనంగా రెండు పనిముట్లున్నాయి. ఒకటి "ట": "ఆ వేళ నేను ఎవరితోనూ మాట్లాడలేదట" అనగానే ఆ పూటకు కథకుడే సాక్షి కాకుండా పోతాడు. 300 మాటల్లో ఒక్కసారి చాలు, మూడుసార్లు వాడితే పుకారులా ఉంటుంది. రెండోది మర్యాద: కథంతా "ఆయన" అన్న యజమానిని ఒకచోట "అతను" అనిపించండి. దిద్దుబాటులో సరిచేయకండి.

ఎక్కడ చెడుతుందంటే, చివర్లో కథకుడు అంతా ఒప్పేసుకోవడం దగ్గర. అప్పటిదాకా పాఠకుడు పడ్డ శ్రమ వృథా. ఇంకోటి, కథకుడు కావాలని అబద్ధమాడుతున్నట్టు రాయడం. స్టీవెన్స్ మోసగాడు కాదు, తన మాట తానే నమ్ముతాడు. వృత్తి వివరాలు తప్పినా పని చెడినట్టే. పులిహోర కలపడం తెలియని మేస్త్రీ మౌనాన్ని ఎవరూ పట్టించుకోరు.

రాశాక ఆ 100 మాటల కాగితం చూపించకుండా ఇద్దరికి చదవనివ్వండి. ఏం జరిగిందని అడగండి. ఇద్దరికీ తెలియకపోతే పక్కవాడి మాట ఒకటి చేర్చండి. మొదటి పేరాలోనే ఇద్దరూ కనిపెట్టేస్తే అలాంటి మాట ఒకటి తీసేయండి.